యుంగ్-మో: ధైర్యమనే మాట ఒక కొట్లాటకు పేరెట్లయింది

2019ల మన ఫోన్లల్ల హాంకాంగ్ వీడియోలు మస్తు తిరిగినయ్. పసుపు హెల్మెట్లు, నల్ల అంగీలు, గొడుగులు అడ్డం పెట్టుకొని నిలవడ్డ పోరగాళ్లు, ఎదురుంగ టియర్ గ్యాస్ పొగ. ఆ ముందువరుసల ఉన్నోళ్లకు అక్కడి జనం పెట్టుకున్న పేరు యుంగ్-మో. వాళ్ల కాంటనీస్ భాషల ఆ మాటకు మామూలు అర్థం ధైర్యం, శౌర్యం. ఇంగ్లీషుల అది ‘ముందువరుసోళ్లు’ అనో, ‘రాడికల్స్’ అనో అయింది. మన దాక వచ్చేసరికి ఉత్త ‘ఆందోళనకారులు’ అయి కూసుంది. మాట పోతే దాని ఎనుకున్న ముచ్చట సుత పోతది. అందుకే ఇయ్యాల ఈ ఒక్క మాటనే పట్టుకుంటున్న.

మొదలు మాట రూపం చూద్దం. చైనా రాతల ఒక్కో అక్షరం మన ‘క’, ‘మ’ లెక్క ఉత్త శబ్దం కాదు, అర్థమున్న ముక్క. యుంగ్ అంటే గుండెధైర్యం. మో అంటే యుద్ధానికి, ఆయుధానికి సంబంధించింది. చైనా కుస్తీ విద్యను ‘వూషూ’ అంటరు గదా, అందుల ‘వూ’నే కాంటనీస్‌ల ‘మో’ అని పలుకుతరు. రెండు కలిస్తే ఆయుధం పట్టే ధైర్యం. బీజింగ్ దిక్కు మాట్లాడే మాండరిన్‌ల సుత ఇదే మాట ఉంది, ‘యొంగ్-వూ’ అంటరు. అక్కడ అది పుస్తకాల మాట. పాతకాలపు సేనాపతిని పొగిడేటప్పుడు వాడేది.

‘మో’ అక్షరం మీద రెండున్నర వేల ఏండ్ల కిందటి కథ ఒకటుంది. క్రీస్తుపూర్వం 597ల చూ రాజ్యపు రాజు జువాంగ్ పెద్ద లడాయి గెలిచిండు. సచ్చిన శత్రువుల శవాలు కుప్పవోసి మట్టి కప్పి, గెలుపు గుర్తుగ దిబ్బ లేపుదమని ఆయన మనిషొకడు సలహా ఇచ్చిండు. రాజు వద్దన్నడు. ఆ అక్షరంల రెండు ముక్కలున్నయ్, ఒకటి ‘ఆపుడు’, ఇంకోటి ఆయుధం, కాబట్టి ఆయుధాన్ని ఆపేదే శౌర్యమని చెప్పిండట. పాత రాతలను పరిశోధన చేసే ఇప్పటి పండితులు దీన్ని ఒప్పుకోరు. ఆ ‘ఆపుడు’ గుర్తు నిజానికి కాలిపాదం బొమ్మ, ఆయుధం పట్టుకొని నడుసుడని దాని అర్థం అంటరు. ఆపుడా, నడుసుడా? ఆ పంచాయితీనే మన కాలంల హాంకాంగ్ రోడ్ల మీదికొచ్చింది.

‘యుంగ్’ కథ వేరే. 1912 దాక చైనాను ఏలిన చింగ్ రాజుల కాలంల పక్కా సర్కారు సిపాయి అంగీ మీద ‘సైనికుడు’ అనే అక్షరం ఉండేది. లడాయి వచ్చినప్పుడు ఊర్లకెల్లి జమచేసుకున్న మనిషి అంగీ మీద ‘యుంగ్’ అక్షరం ఉండేది. లడాయి అయిపోంగనే వాళ్లను ఇంటికి తోలేటోళ్లు. ధైర్యవంతుడని ఛాతీ మీద రాసిపెట్టింది సర్కారే, పక్కా నౌకరీ ఇయ్యంది సుత సర్కారే. అంటే ఈ రెండు అక్షరాలు ఎన్నో వందల ఏండ్లు రాజుల దిక్కే ఉన్నయ్. రాజుకు ఎదురు నిలవడేటోనికి ఆ పేరు ఎట్ల వచ్చిందనేదే మన ముచ్చట.

హాంకాంగ్ సంగతి రెండు ముక్కలల్ల చెప్త. 1842ల సంధితోటి ఆ దీవి బ్రిటిషోళ్ల చేతికి పోయింది. 1997 జులై 1న చైనాకు తిరిగొచ్చింది. 50 ఏండ్ల దాక మీ చట్టాలు, కోర్టులు, బతుకు తీరు మీకే ఉంటయని మాటిచ్చిన్రు. దాన్నే ‘ఒక దేశం, రెండు వ్యవస్థలు’ అంటరు. జనం దాదాపు 75 లక్షలు. ఎక్కువమంది ఇంట్ల మాట్లాడేది కాంటనీస్.

2003ల అక్కడి సర్కారు దేశభద్రత పేరు మీద ఒక చట్టం తేవాలని చూసింది. ఆ ఏడు జులై 1న 5 లక్షలమంది నడిచిన్రని నిర్వాహకుల లెక్క. ఒక్క రాయి లేవలే, సర్కారు ఆ బిల్లును పక్కకు పెట్టింది. ఈ గెలుపు కెల్లి ఒక తీరు పుట్టింది, దానికి తర్వాత ఒక పేరు పడ్డది: వో-లేయ్-ఫేయ్. శాంతి, వివేకం, అహింస అనే మూడు మాటల మొదటి అక్షరాలు కలిపి కట్టిన పేరు. కొందరు నాలుగోది సుత కలిపేటోళ్లు, బూతులు తిట్టకుంట అని. ఊరేగింపు అయినంక చెత్త ఏరుకొని ఇంటికి పోవుడు వాళ్లకు గర్వం. యుంగ్-మో అనే మాట తెల్వాలంటే ముందుగాల ఈ వో-లేయ్-ఫేయ్ తెల్వాలె. రెండోది లేకుంటే మొదటిదానికి రాజకీయ అర్థమే లేదు.

2014 ఆగస్టు 31న బీజింగ్ ఒక నిర్ణయం చెప్పింది. హాంకాంగ్ ముఖ్య పాలకుడిని ఎన్నుకునే ఓటు అందరికి ఇస్తం, కాని పోటీల ఎవరుండాలన్నది ఒక కమిటీ ముందుగాలనే ఖరారు చేస్తది అని. వండేది వాళ్లే, వడ్డించేది వాళ్లే, తినుడొక్కటే జనం వంతు. బెన్నీ తాయ్ అనే లా ప్రొఫెసర్ అంతకు ఏడాదిన్నర ముందుకెల్లే ఒక ఆలోచన చెప్తున్నడు, నగరం నడిమిట్ల శాంతిగ కూసొని రోడ్డు బంద్ చేద్దమని. సెప్టెంబర్ 28న పోలీసులు 87 టియర్ గ్యాస్ గుండ్లు కాల్చిన్రు. జనం గొడుగులు అడ్డం పెట్టిన్రు. 79 రోజులు రోడ్ల మీదనే ఉన్నరు. గొడుగు ఉద్యమం అని పేరొచ్చింది గానీ చేతికి ఏం రాలే.

ఆ 79 రోజులల్ల ఒక రాత్రిని యాది పెట్టుకోండ్రి. నవంబర్ 18 రాత్రి మొకాలకు గుడ్డలు కట్టుకున్న కొందరు అసెంబ్లీ భవనం అద్దాలు పగులగొట్టిన్రు. ఉద్యమ నాయకులు, ప్రతిపక్ష ఎమ్మెల్యేలు తెల్లారంగనే ఖండించిన్రు. వాళ్లతోటి మాకు సంబంధం లేదన్నరు. దీనికి కాంటనీస్‌ల ఒక మాటుంది, ‘చాప కోసుడు’. అది సుత పాత కథకెల్లే వచ్చింది. ఇద్దరు దోస్తులు ఒకే చాప మీద కూసొని చదువుకుంటున్నరు. బయట పెద్ద అధికారి బండి పోతుంటే ఒకడు పుస్తకం పక్కకు వెట్టి చూడవోయిండు. రెండోవాడు కత్తితోటి చాపను రెండు ముక్కలు కోసిండు, నువ్వు నా దోస్తువు కాదన్నడు. 2014ల పెద్దలు పోరగాళ్లతోటి చాప కోసిన్రు.

ఉద్యమం ఓడినంక యుంగ్-మో మాట జోరందుకుంది. మాది ముందు హాంకాంగ్, తర్వాతనే ఇంకేదన్న అనే స్థానికవాద గుంపులు దాన్ని జెండా చేసుకున్నయ్. శాంతి, వివేకం అనుకుంట ఇరవై ఏండ్లు పోగొట్టిన్రని పెద్దలను తిట్టిన్రు. వో-లేయ్-ఫేయ్ అనేది వాళ్ల నోట్ల ఎగతాళి అయింది. ఇక్కడ నేను దాపరికం లేకుంట చెప్త, ఆ రోజుల యుంగ్-మో అంతా మెచ్చుకునేటట్టు లేకుండె. 2015 మొదట్ల చైనా నుంచి వచ్చి పాలపొడి డబ్బాలు, మందులు కొనుక్కపోయేటోళ్ల మీద లొల్లి చేసిన్రు. సర్కారు మీద కోపం పోయి పెట్టెలు గుంజుకుంట పోయే మామూలు మనుషుల మీద పడ్డది. పెట్టెలు తన్నుడు, మొకం మీద అరుసుడు. పక్కూరి నుంచి బతుకుదెరువుకు వచ్చినోని మీద ఎగవడుడు ధైర్యమెట్లయితది?

2016 ఫిబ్రవరిల, చైనా కొత్తేడాది పండుగ రాత్రి, మోంగ్‌కోక్ అనే బస్తీల రోడ్డు పక్కన చేపల ఉండలు అమ్ముకునే బండ్లను తీసేయిస్తున్నరని గొడవ మొదలైంది. తెల్లారేదాక నడిచింది. ఫుట్‌పాత్ ఇటుకలు పీకి విసిరిన్రు, ఒక పోలీసు రెండుసార్లు గాల్లకు కాల్చిండు. అక్కడ ముందుండి నడిపించిన ఎడ్వర్డ్ లియుంగ్ ఫిలాసఫీ చదువుకున్న పిలగాడు. చిత్రమేందంటే, హాంకాంగ్ స్థానికవాదానికి మొకమైన ఈయన పుట్టింది చైనాల వూహాన్ నగరంల. అదే నెల చివరకు ఉపఎన్నికల నిలవడితే 66 వేలకు పైగా ఓట్లు వచ్చినయ్, నూటికి 15. తర్వాతి ఎన్నికల నిలవడనియ్యలే. 2018 జూన్‌ల కోర్టు అల్లరి కేసుల 6 ఏండ్ల జైలు వేసింది. అప్పటికి చానామంది హాంకాంగోళ్లకు యుంగ్-మో అంటే నెత్తి ఖరాబైన పోరగాళ్లు, అంతే.

2019ల ఏం మారింది?

నేరం మోపవడ్డోళ్లను చైనాకు అప్పజెప్పే బిల్లు వచ్చింది. జూన్ 9న 10 లక్షలమంది నడిచిన్రని నిర్వాహకులు చెప్పిన్రు. అదే రాత్రి సర్కారు, బిల్లు ఆగదన్నది. జూన్ 12న అసెంబ్లీ చుట్టు పోరగాళ్లు కమ్ముకున్నరు, పోలీసులు ఒక్కరోజే 150 టియర్ గ్యాస్ గుండ్లు కాల్చిన్రు. గొడుగు ఉద్యమం నాటి 87 గుండ్లకే నగరం అంత ఉడికింది, ఇవి దాదాపు రెండింతలు. మూడు రోజులకు సర్కారు బిల్లును పక్కకు వెట్టింది. ఆ వరుస జనం చూసిన్రు. పది లక్షలమంది నడిస్తే ఆగని బిల్లు, రోడ్డు బంద్ చేస్తే ఆగింది. జూన్ 16న 20 లక్షలమంది నడిచిన్రని నిర్వాహకుల లెక్క. పోలీసుల లెక్క 3 లక్షల 38 వేలు. ఎవరి లెక్క వట్టినా, వో-లేయ్-ఫేయ్ జనం ఇండ్లల్ల కూసోలే.

ఇగ జులై 1. మల్ల అదే అసెంబ్లీ, మల్ల అవే అద్దాలు. ఇది అల్లరి కేసు, 10 ఏండ్ల దాక పడతదని ప్రతిపక్ష ఎమ్మెల్యేలు అడ్డం నిలవడి బతిలాడిన్రు. పోరగాళ్లు ఇనలే. లోపలికి వోయి గోడల మీద రాసిన్రు, ప్రభుత్వ గుర్తు మీద నల్లరంగు కొట్టిన్రు. శాంతి ఊరేగింపులు దండుగని మాకు నేర్పింది మీరేనని ఒక స్తంభం మీద సర్కారును ఉద్దేశించి రాసిన్రు. అదే గుంపు గ్రంథాలయం ముట్టద్దని కాయితం అంటించింది. ఫ్రిజ్‌ల సీసాలు తీసుకొని తాగినోళ్లు అక్కడ పైసలు పెట్టిన్రు, మేం దొంగలం కామని రాసిపెట్టిన్రు. అర్ధరాత్రి పోలీసులొస్తున్నరని తెలిసినంక నలుగురు బయటికి రామని మొండికేసిన్రు. బయటికి వచ్చినోళ్లు మల్ల లోపలికి వోయి, పోతే అందరం ఒక్కతాన్నే పోదమని వాళ్లను ఎత్తుకొని తెచ్చిన్రు.

తెల్లారి చాప కోసుడు కాలే. 2014కు, 2019కి అసలు తేడా ఇదే. యుంగ్-మో అనే మాటకు కొత్త బలం పోరగాళ్ల తెగువతోటి వచ్చిందని చానామంది రాస్తరు. నా ఎర్కల అది సగమే నిజం. తెగించినోళ్లు 2016ల సుత ఉన్నరు, అప్పుడు ఎనుక ఎవరు నిలవడలే. 2019ల వో-లేయ్-ఫేయ్ జనం ఎనుకకు జరగలే. చాప కొయ్యద్దు, పట్టియ్యద్దు, నిందవెట్టద్దు అని ఒక కట్టు వెట్టుకున్నరు. అన్నదమ్ములు కొండెక్కితే ఎవని తొవ్వల వాడు ఎక్కాలనే సామెత లాంటి మాట నోటినోట తిరిగింది. ముందువరుసోళ్లను ‘చేతులు-కాళ్లు’ అన్నరు. కాంటనీస్‌ల అట్లంటే తోడవుట్టినోళ్లని అర్థం. ‘వో’, ‘యుంగ్’ రెండు వేరు కాదన్నరు.

వ్యాకరణం సుత మారింది చూడుండ్రి. యుంగ్-మో మొదలు విశేషణం, ‘ధైర్యమున్న’ సేనాపతి అన్నట్టు. 2019ల అది మనిషి పేరైంది. ‘వాడు యుంగ్-మో’, ‘నేను వో-లేయ్-ఫేయ్’ అని చెప్పుకునుడు మొదలైంది. మనం ఫలానా పార్టీ అని చెప్పుకున్నట్టు కాదది. చేసే పనిని బట్టి వచ్చిన పేరు. ఒకే ఇంట్ల తల్లి ఇది, కొడుకు అది కావొచ్చు.

ఆ పని ఎట్ల నడిచిందో ధర్నాలల్ల తిరిగినోళ్లకు తొందరగ సమజైతది. ముందువరుసల గొడుగులు డాలు. టియర్ గ్యాస్ గుండు పడంగనే రోడ్డు మీద నిలవెట్టే ప్లాస్టిక్ శంకు దాని మీద బోర్లించి, పైకెల్లి నీళ్లు పోసేటోళ్లు. తెగించినోనికి తెడ్డే లింగం అంటం గదా, అచ్చం అట్లనే. ఆ శంకు, ఆ నీళ్లు, ఆ హెల్మెట్ ముందుకు చేరాలంటే ఎనుక వందలమంది గొలుసుగ నిలవడాలె. ఏ సామాను కావాల్నో చేతి సైగలతోటి చెప్పుకునేది. నెత్తి మీద చేతులు గుండ్రంగ పెడితే హెల్మెట్లు పంపుమని. అది గొలుసు పొడుగూత పాకిపోయేది. రాత్రి బస్సులు, రైళ్లు బంద్ అయితే ముక్కు మొకం తెల్వని పెద్దమనుషులు కార్లు తీసుకొచ్చి పిలగాండ్లను ఇండ్లకు చేర్చిన్రు. ‘అమ్మానాన్నల బండ్లు’ అనేటోళ్లు వాటిని. యుంగ్-మో అని ఒక్కని ఫొటో వేస్తరు గానీ, ఆ ఒక్కని ఎనుక గొలుసు ఫొటోల పట్టదు.

అదే మనిషికి ఎదుటి దిక్కు వేరే పేర్లు. సర్కారు అతన్ని ‘బో-తో’ అన్నది, అంటే అల్లరిమూక మనిషి. కొందరు పోలీసులు బొద్దింక అన్నరు. ఉద్యమం పెట్టిన అయిదు డిమాండ్లల్ల ఒకటి పూర్తిగ ఒక మాట గురించే: జూన్ 12 నాటి గొడవను ‘అల్లరి’ అన్న మాట వాపసు తీసుకోవాలె అని. ఉత్త మాటకు ఇంత పట్టుదలా అనుకోకుండ్రి. అల్లరి అని కాయితం మీద రాస్తే 10 ఏండ్ల దాక జైలు. సెప్టెంబర్‌ల బిల్లును పూర్తిగ వాపసు తీసుకుంటమని ప్రకటించిన్రు, ఆ మాటను మాత్రం వాపసు తీసుకోలే.

ఇగ కష్టమైన ముచ్చట. ఎండకాలం పోయేసరికి యుంగ్-మో దిక్కు సుత మాటలు మారినయ్. చైనా అనుకూల దుకాణాలను పగులగొట్టుడుకు ‘ఇంటికి సోకులు చేసుడు’ అన్నరు. పెట్రోలు సీసాలకు ‘అగ్గి మంత్రం’ అన్నరు. ఎదురు మాట్లాడిన మనిషిని గుంపుగ కొట్టుడుకు ‘మనల మనమే తేల్చుకునుడు’ అన్నరు. వాటికి కారణాలున్నయ్, నేను కాదనను. జులై 21న యూన్‌లోంగ్ రైల్వే స్టేషన్‌ల తెల్ల అంగీలేసుకున్న మూకలు కట్టెలతోటి ప్రయాణికులను చావగొడుతుంటే పోలీసులు ఆలస్యంగ వచ్చిన్రు. జనానికి పోలీసు మీద నమ్మకం ఆ రాత్రే చచ్చింది. అక్టోబర్ 1న ఒక బడిపిలగాని ఛాతీల పోలీసు తూటా దిగింది. అయినా సరే, నవంబర్‌ల జరిగినవాటికి ఏ మాట కప్పినా కప్పువడదు. తమతోటి వాదన పెట్టుకున్న ఒక మనిషి మీద ఏదో పోసి అగ్గివెట్టిన్రు. ఇటుకల గొడవ నడుమ ఒక 70 ఏండ్ల సఫాయి కార్మికుడు నెత్తికి ఇటుక తగిలి చచ్చిపోయిండు. నిందవెట్టద్దనే కట్టు ఉద్యమాన్ని నిలవెట్టింది నిజమే. అదే కట్టు ఈ రోజులల్ల చానామంది నోరు కట్టేసింది సుత. కొట్టుడును కొట్టుడు అనలేనప్పుడు, ధైర్యం అనే మాట మీద సుత అనుమానమొస్తది.

నవంబర్ 17 నుంచి పాలిటెక్నిక్ యూనివర్సిటీని పోలీసులు చుట్టువెట్టిన్రు. దాదాపు రెండు వారాలు. మురికినీళ్ల కాల్వలల్లకెల్లి పారిపోవాలని చూసినోళ్లున్నరు. ముందువరుస అక్కడనే ఇరిగింది. ఆ నడుమనే, 24న, జిల్లా కౌన్సిళ్ల ఎన్నికలు. మౌనంగ ఉన్న జనం ఈ లొల్లితోటి విసిగి తమ దిక్కు ఓటేస్తరని సర్కారు దిక్కోళ్లు అనుకున్నరు. నూటికి 71 మంది వచ్చి ఓటేసిన్రు, 452 సీట్లల్ల నూటికి 85 దాక ప్రజాస్వామ్యం దిక్కోళ్లే గెలిచిన్రు. 18 కౌన్సిళ్లల్ల 17 చేతికొచ్చినయ్. అద్దాలు పగులగొట్టినోళ్ల తోటి చాప కొయ్యమని జనం ఓటుతోటి చెప్పిన్రు. ఇది వో-లేయ్-ఫేయ్ చేసిన పనే, యుంగ్-మో అడిగిన జవాబు సుత.

2020 జూన్ 30 రాత్రి బీజింగ్ దేశభద్రత చట్టం తెచ్చింది. తెల్లారే, ఎడ్వర్డ్ లియుంగ్ 2016 ఎన్నికలల్ల వాడిన నినాదాన్ని జెండా మీద రాసుకొని ఒక యువకుడు మోటర్‌సైకిల్ మీద పోయిండు, పోలీసులకు గుద్దిండు. ఆ చట్టం కింద మొదటి కేసు అదే. 2021ల జ్యూరీ లేకుంట ముగ్గురు జడ్జీలు ఇచారణ చేసిన్రు. ఆ నినాదంల మాటలకు అర్థమేందని చరిత్ర ప్రొఫెసర్, రాజకీయ శాస్త్రం, మీడియా పండితులు కోర్టుల రోజుల తరబడి వాదించిన్రు. పాత రాజుల కాలంల ఏ మాట ఎట్ల వాడిన్రో తవ్వితీసిన్రు. దేశం నుంచి విడిపోవాలనే అర్థం రావొచ్చని జడ్జీలు తేల్చిన్రు. 9 ఏండ్ల జైలు.

ఎడ్వర్డ్ లియుంగ్ 2022 జనవరిల బయటికొచ్చిండు. బెన్నీ తాయ్ సంగతి చూడుండ్రి. ప్రేమతోటి, శాంతితోటి రోడ్డు మీద కూసుందమన్న మనిషి. ఒక్క ఇటుక పట్టలే. 2020 జులైల ప్రతిపక్షం దిక్కు ఎవరు పోటీ చెయ్యాల్నో జనమే తేల్చాలని ఆయన, ఇంకొందరు కలిసి ముందస్తు ఓటింగ్ పెట్టిన్రు, 6 లక్షలకు పైగా జనం వరుసలల్ల నిలవడి ఓటేసిన్రు. రాజ్యాన్ని కూలగొట్టే కుట్ర అని 47 మంది మీద కేసు పెట్టిన్రు. 2024 నవంబర్‌ల 45 మందికి శిక్షలు పడ్డయ్. అందరికన్న ఎక్కువ, 10 ఏండ్లు, ఆయనకే పడ్డది. ఇటుకల రాత్రికి ఎడ్వర్డ్‌కు పడ్డది 6.